తెల్లవారుజామున 3 గంటలకు నోడ్ సర్వర్ పడిపోతోంది, ట్రై క్యాచ్ పెట్టినా పట్టుకోవడం లేదు

మైపాడు అలలు · ఆదివారం రాత్రి 10:47

అందరికీ నమస్కారం. ఫోన్‌లో నుంచి రాస్తున్నా, కోడ్ అతికించే వీలు లేదు. మాటల్లోనే చెప్తా, కాస్త ఓపిగ్గా చదవండి.

మా మామకు విడవలూరు వైపు రొయ్యల గుంటలు ఉన్నాయి. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే పెట్టె ఒక్కో గుంటకు ఒకటి పెట్టించాడు. పెట్టెలు అమ్మిన కంపెనీ రీడింగులను తన సర్వర్‌లో ఉంచుతుంది, మనం ఏపీఐ (మన ప్రోగ్రాం వాళ్ల సర్వర్‌ను అడిగే దారి) ద్వారా తెచ్చుకోవాలి. అందుకోసం నోడ్‌లో, అదే సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపేదాంట్లో, చిన్న ప్రోగ్రాం రాశా. ప్రతి 5 నిమిషాలకు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోంచి గుంటల జాబితా తీసుకుంటుంది, ఒక్కో గుంట రీడింగ్ తెచ్చి దాస్తుంది, లీటరుకు 4 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే రైతుకూ కాపలా మనిషికీ ఎస్సెమ్మెస్ పంపుతుంది. మామ ఒక్కడి కోసం మొదలుపెట్టింది, చుట్టుపక్కల వాళ్లు అడిగి అడిగి ఇప్పుడు 62 గుంటలు అయ్యాయి. పైసా తీసుకోవడం లేదు. పట్టుబడి రోజున రొయ్యలు మాత్రం ఇంటికొస్తాయి.

నెల రోజులుగా వారానికి రెండు మూడుసార్లు తెల్లవారుజామున 3, 4 గంటల మధ్య ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) పడిపోతోంది. లాగ్‌లో కనెక్షన్ రీసెట్ అయిందని ఒక ఎర్రర్ ఉంటుంది, అంతే. నాకు అర్థం కానిది ఏందంటే, మొత్తం పనిని ట్రై క్యాచ్‌లో పెట్టాను. ఎర్రర్ వస్తే రాసుకుని ముందుకు పొమ్మన్నాను. ఆ క్యాచ్‌లోకి ఒక్కసారి కూడా రాలేదు. పగలు కూర్చుని నడిపితే అసలేమీ కాదు. పాత సర్వర్‌లో ఏడాదిన్నర ఏ గొడవా లేకుండా నడిచిన కోడే ఇది.

కావలి ప్యాసింజర్ · ఆదివారం రాత్రి 11:05

పీఎం2 పెట్టు తమ్ముడూ. పడినా మళ్లీ లేస్తుంది. నువ్వు పడుకో.

మైపాడు అలలు · ఆదివారం రాత్రి 11:09

పీఎం2 ఉందన్నా, లేస్తుంది కూడా. కానీ పడిన విడతలో మిగిలిన గుంటలకు మెసేజ్‌లు పోవు. 5 నిమిషాలాగి మళ్లీ అదే చోట పడుతుంది. మొన్న వరసగా నాలుగుసార్లు పడింది. ఆ వేళలో 20 నిమిషాలంటే రొయ్యకు చిన్న విషయం కాదు.

ఒంగోలు గిత్త · ఆదివారం రాత్రి 11:31

గుంటల మీద లూప్ ఎట్టా తిప్పుతున్నావు? పాత సర్వర్‌లో నోడ్ ఏ వెర్షన్, ఇప్పుడు ఏది? ట్రై లూప్‌కు బయట ఉందా, లోపలా?

మైపాడు అలలు · ఆదివారం రాత్రి 11:36

ఫర్‌ఈచ్ అన్నా, జాబితాలో ఒక్కోదానికీ ఫంక్షన్‌ను పిలిచేది. దాని లోపల అసింక్ ఫంక్షన్, అందులో పని అయ్యేదాకా ఆగమని అన్నిటికీ అవెయిట్ పెట్టాను, ఎస్సెమ్మెస్‌కు కూడా. ట్రై బయట ఉంది. పాతది నోడ్ 14, కొత్తది నోడ్ 20.

ఒంగోలు గిత్త · ఆదివారం రాత్రి 11:58

దొరికింది.

అసింక్ అని రాసిన ఫంక్షన్‌ను పిలిస్తే అది పని పూర్తిచేసుకుని రాదు. మొదటి అవెయిట్ దాకా నడిచి, ఫలితం తర్వాత చెప్తానని ఒక ప్రామిస్‌ను నీ చేతిలో పెట్టి వచ్చేస్తుంది. ఫర్‌ఈచ్ ఆ ప్రామిస్‌ను చూడను కూడా చూడకుండా పారేస్తుంది. దాన్ని తిట్టి లాభం లేదు, అది వచ్చిన నాటికి భాషలో ప్రామిస్‌లే లేవు. అట్టా 62 ప్రామిస్‌లు పుట్టించి, 62నీ గాలికి వదిలి, ఫర్‌ఈచ్ కొన్ని మిల్లీసెకన్లలో బయటపడుతుంది. దాంతోపాటే నీ ట్రై కూడా ముగిసిపోతుంది. రెండు మూడు సెకన్లయ్యాక ఎస్సెమ్మెస్ కనెక్షన్ తెగి ప్రామిస్ రిజెక్ట్ (విఫలం) అయితే పట్టుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. లోపల ఎన్ని అవెయిట్‌లు పెట్టావన్నది కాదు లెక్క, బయటి ప్రామిస్ కోసం ఎవరు కాచుకుని ఉన్నారన్నదే లెక్క.

ఇక వెర్షన్ సంగతి. నోడ్ 14 వరకు, ఎవరూ పట్టుకోని రిజెక్షన్ కనబడితే ఒక హెచ్చరిక రాసి ఊరుకునేది. 2020 అక్టోబర్‌లో వచ్చిన నోడ్ 15 నుంచి ఏకంగా ప్రాసెస్‌నే ఆపేస్తుంది. అంటే నీ కోడ్ కొత్తగా చెడింది కాదు. పాత సర్వర్‌లోనూ ఆ మెసేజ్‌లు పోయి ఉండవు. నీకు తెలియలేదంతే. పాత లాగ్ ఉంటే అన్‌హ్యాండిల్డ్ ప్రామిస్ రిజెక్షన్ వార్నింగ్ అని వెతికి చూడు.

మైపాడు అలలు · సోమవారం తెల్లవారుజాము 12:43

వెతికాను. 37 చోట్ల ఉంది.

ఒక తేదీ చూసి గుండె జారిపోయింది. పోయిన ఆగస్టులో ఒక పెద్దాయన వచ్చి, "మెసేజ్ రాలేదబ్బాయ్, వచ్చుంటే జనరేటర్ వేసి నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు తిప్పుండేవాణ్ణి" అన్నాడు. ఆయన గుంటలో సగం సరుకు పోయింది. నేను ఫోన్‌కు సిగ్నల్ లేదేమో పెద్దాయనా అని చెప్పి పంపించేశా. ఆ రాత్రి 3:22కి ఆయన గుంట నంబర్ పక్కనే ఈ వార్నింగ్ ఉంది.

పొదలకూరు నిమ్మ · సోమవారం ఉదయం 6:20

తమ్ముడూ, ఇప్పుడే చదివాను. నువ్వు కావాలని చేసింది కాదు. ముందు కోడ్ బాగుచేద్దాం. ఆయనతో మాట్లాడటం ఆ తర్వాత. మాట్లాడాలి మాత్రం.

మొలగొలుకులు · సోమవారం ఉదయం 8:15

మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోవద్దు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. ప్రామిస్ అంటే అసలు ఏంది? భవిష్యత్తులో వచ్చే విలువ అని నోట్సులో ఉంది. ఇంకా రాని విలువ చేతిలో ఎట్టా ఉంటుంది?

కావలి ప్యాసింజర్ · సోమవారం ఉదయం 9:02

నెల్లూరోళ్లకు ఇది చెప్పాలా? రొట్టెల పండక్కి పోయి దర్గా పక్కన స్వర్ణాల చెరువులో ఉద్యోగ రొట్టె పట్టుకున్నావనుకో. ఉద్యోగం ఇంకా రాలేదు, రొట్టె మాత్రం చేతికొచ్చింది. కోరిక తీరితే వచ్చే ఏడు నువ్వే వచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తావు. చేతిలో ఉన్న రొట్టే ప్రామిస్.

పొదలకూరు నిమ్మ · సోమవారం ఉదయం 9:40

బాగుంది కానీ సగమే అతుకుతుంది. రొట్టెలో రిజెక్ట్ లేదు కదా. ఉద్యోగం రాదులే అని దర్గా నుంచి ఎవరూ వచ్చి చెప్పరు. మా చిన్నాన్న కొడుకు మూడేళ్లుగా పెండింగ్‌లోనే ఉన్నాడు.

నేను ఇట్టా చెప్తా. నిమ్మకాయల బస్తాలు మార్కెట్లో దించావు. కాటా వేసి చీటీ రాసిచ్చారు. ఆ చీటీ డబ్బు కాదు, కానీ వట్టి కాగితమూ కాదు. వేలం అయ్యేదాకా పెండింగ్. ధర పలికితే ఫుల్‌ఫిల్డ్, కాయ బాగాలేదని ఎవరూ కొనకపోతే రిజెక్టెడ్. రెంటిలో ఏదో ఒకటి అయ్యాక ఇక మారదు. పొద్దున 900 రాసి సాయంత్రం 700 అని కొట్టివేయడం ప్రామిస్‌లో కుదరదు. ఈ లోపు నువ్వు టీ తాగొచ్చు, ఎరువుల అంగడికి పోయి రావచ్చు. అదే చీటీ నకలు మీ అన్న దగ్గరున్నా అతనికీ అదే ధర కనబడుతుంది, రెండోసారి వేలం వేయరు. ఒకే ప్రామిస్‌కు రెండు దెన్‌లు (ఫలితం వచ్చాక ఏం చేయాలో చెప్పేవి) తగిలించినా పని ఒక్కసారే జరుగుతుంది.

ఒంగోలు గిత్త · సోమవారం ఉదయం 10:11

అక్క చెప్పినదానికి ఒక ముక్క కలుపుతా. ఇంటర్వ్యూల్లో పిల్లలు ఇక్కడే తడబడతారు. అవెయిట్ అన్నప్పుడే పని మొదలవుతుందని అనుకుంటారు. బస్తాలు దించినప్పుడే పని మొదలైంది, చీటీ చూసుకోవడం తర్వాతి సంగతి. ప్రామిస్ తయారుచేసేటప్పుడు లోపల రాసిన కోడ్ ఆ క్షణమే, ఆ వరసలోనే నడుస్తుంది. దెన్‌లో రాసిందే తర్వాతకు వాయిదా పడుతుంది. అందుకే రెండు పనులకు ఒకదానితో ఒకటి సంబంధం లేకపోతే, రెండూ మొదలుపెట్టి, ఆ తర్వాత రెంటికీ కలిపి కాచుకుంటే సమయం మిగులుతుంది.

బకింగ్‌హాం కాలువ · సోమవారం మధ్యాహ్నం 1:30

మీరంతా అదృష్టవంతులయ్యా. మేం నోడ్ మొదలుపెట్టినప్పుడు పని అయ్యాక పిలవమని ఇచ్చే ఫంక్షన్లే, కాల్‌బ్యాక్ లోపల కాల్‌బ్యాక్, దాని లోపల ఇంకొకటి, కోడ్ తెర కుడి అంచు దాకా పాకేది. ప్రతిదానిలో మొదటి పారామీటరు ఎర్రర్, దాన్ని చూడటం ఒక్కచోట మర్చిపోయావా, అంతే సంగతులు. తమాషా ఏందంటే నోడ్ తయారుచేసిన ర్యాన్ డాల్ 2009 జూన్‌లోనే నోడ్‌లో ప్రామిస్‌లు పెట్టాడు, 2010 ఫిబ్రవరిలో తీసేశాడు. తీసేయడం తప్పని 2018లో బెర్లిన్‌లో సభ ఎక్కి తనే ఒప్పుకున్నాడు. ఈ ఆలోచన జావాస్క్రిప్ట్‌ది కూడా కాదు, బార్బరా లిస్కోవ్, ల్యూబా శ్రీర అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1988లోనే ప్రామిస్‌ల మీద పేపర్ రాశారు. మన భాషలోకి అధికారికంగా 2015లో వచ్చింది. అసింక్ అవెయిట్ ఇంకో రెండేళ్లకు.

కావలి ప్యాసింజర్ · సోమవారం మధ్యాహ్నం 1:34

కాలువ పెద్దాయన మొదలెట్టాడు. ఇంకాసేపుంటే పంచ్ కార్డుల దాకా పోతాం.

మైపాడు అలలు · సోమవారం సాయంత్రం 6:50

ఫర్‌ఈచ్ తీసేసి, ప్రామిస్‌లను పారేయకుండా జాబితాగా ఇచ్చే మ్యాప్ పెట్టి, వచ్చిన 62 ప్రామిస్‌లనూ ప్రామిస్ డాట్ ఆల్‌కు ఇచ్చి దాని ముందు అవెయిట్ పెట్టా. ఇప్పుడు ఎర్రర్ క్యాచ్‌లోకి వస్తోంది. కానీ విచిత్రం చూడండి. పరీక్ష కోసం కావాలని ఒక తప్పుడు నంబర్ పెడితే, విడత మొత్తం ఫెయిల్ అని లాగ్‌లో రాసింది. తీరా చూస్తే మిగతా అందరికీ మెసేజ్‌లు పోయాయి. ఫెయిలైతే ఎట్టా పోయాయి?

టంగుటూరు బేళ్లు · సోమవారం రాత్రి 8:25

ఇది నేను చెప్తా, మాది పొగాకు ఇల్లు.

మా నాన్న వేలం కేంద్రానికి 12 బేళ్లు తీసుకెళ్తాడు. ఒక బేలుకు నోబిడ్ పడింది, అంటే ఎవరూ పాడలేదు. మిగతా 11 వెనక్కి తెచ్చుకుంటామా? వేలం ఆగుతుందా? ప్రామిస్ డాట్ ఆల్ అంటే, మొదటి నోబిడ్ పడగానే ఇంటికి ఫోన్ చేసి "పోయిందిరా" అని చెప్పి ఫోన్ పెట్టేసే మనిషి. అక్కడ వేలం నడుస్తూనే ఉంటుంది, మిగతా బేళ్లు అమ్ముడవుతూనే ఉంటాయి. ఎంతకు పోయాయో నీకు మాత్రం తెలియదు. ఆల్ ఎవరినీ ఆపదు, తను వినడం మానేస్తుంది.

నీకు కావాల్సింది ఆల్‌సెటిల్డ్. సాయంత్రం దాకా అక్కడే ఉండి ఏ బేలు ఎంతకు పోయింది, ఏది నోబిడ్, ఎందుకు, అన్నీ రాసుకొచ్చే మనిషి. నోడ్ 12.9 నుంచే ఉంది.

ఒంగోలు గిత్త · సోమవారం రాత్రి 8:49

ఇంత చక్కగా నేను చెప్పలేను. ఒక్క హెచ్చరిక. ఆల్‌సెటిల్డ్ ఎప్పటికీ రిజెక్ట్ కాదు. 62కు 62 ఫెయిలైనా అది ప్రశాంతంగా ఫుల్‌ఫిల్ అయి ఒక జాబితా చేతిలో పెడుతుంది. ఆ జాబితా తిరగేసి, రిజెక్టెడ్ అని ఉన్నవాటికి కారణం రాసి, రైతుకు మళ్లీ పంపే పని నీదే. ఆ పని ఎగ్గొడితే నోడ్ 14 నాటి మౌనాన్ని చేజేతులా తెచ్చుకున్నట్టే.

అట్టా అని ఆల్‌ను తీసిపారేయొద్దు. బిల్లు తయారుచేయడానికి ధర, పన్ను, చిరునామా మూడూ కావాలి, ఒకటి లేకపోయినా బిల్లే లేదు. అక్కడ ఆల్ సరైనది.

కావలి ప్యాసింజర్ · సోమవారం రాత్రి 9:15

అదంతా సరే, 3 గంటలకే ఎందుకు పడుతోంది? ఆ టైంకు డేటాబేస్ బ్యాకప్ ఏమన్నా ఉందా? ఈ కథలో నాకు నిద్ర పట్టనిది అదొక్కటే.

విడవలూరు గుంట · సోమవారం రాత్రి 9:58

నేను కంప్యూటర్ మనిషిని కాను, మా అబ్బాయి చూపిస్తే చదువుతున్నా. దీనికి మాత్రం నేను చెప్పగలను. పగలు ఎండకు నీళ్లలో పచ్చదనం ఆక్సిజన్ వదులుతుంది. పొద్దు గూకాక వదలదు, పైగా రొయ్యతోపాటు అదీ పీల్చుకుంటుంది. అందుకే తెల్లారకముందు గంట రెండు గంటలు అన్నిటికన్నా తక్కువ ఉంటుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములకు దిగిందంటే రొయ్య పైకి తేలడం మొదలుపెడుతుంది. మీ మెసేజ్‌లన్నీ ఆ వేళకే వస్తాయి.

ఒంగోలు గిత్త · సోమవారం రాత్రి 10:04

చూశారా! పగలు ఎస్సెమ్మెస్ పంపే దారిలోకి కోడ్ పోనే పోదు. అందుకే నువ్వు పగలు ఎంత పరీక్షించినా ఏమీ కనబడలేదు. నమస్కారం అన్నా, లాగ్ చూసి మేం పట్టుకోలేనిది మీరు నీళ్లు చూసి చెప్పారు.

విడవలూరు గుంట · సోమవారం రాత్రి 10:12

ఒక మాట. మెసేజ్ నమ్ముకుని ఎవరూ నిద్రపోకూడదు. కరెంటు పోగానే గుంట గట్టు మీదే మోగే సైరన్ పెట్టించుకోమనండి. ఫోన్ అనేది రెండోది.

మైపాడు అలలు · మంగళవారం రాత్రి 9:30

సైరన్ మాట మామకు చెప్పా, సరే అన్నాడు.

ఆల్‌సెటిల్డ్ పెట్టాక ప్రాసెస్ పడటం లేదు. కానీ కొత్తది మొదలైంది. రీడింగులిచ్చే కంపెనీ ఏపీఐ నుంచి 15, 20 గుంటలకు 429 వస్తోంది, మరీ ఎక్కువ అడుగుతున్నావు అని. ఫర్‌ఆఫ్ లూప్ పెట్టి ఒకదాని తర్వాత ఒకటి పంపమంటారా?

టంగుటూరు బేళ్లు · మంగళవారం రాత్రి 9:52

ఫర్‌ఆఫ్ అయితే అవెయిట్ దగ్గర నిజంగా ఆగుతుంది, ట్రై క్యాచ్ కూడా లోపలే పెట్టుకోవచ్చు, చదవడానికి హాయి. ఒక్కో గుంటకు ఎంతసేపు పడుతోంది?

మైపాడు అలలు · మంగళవారం రాత్రి 9:55

మామూలుగా సెకను, సెకనున్నర. సిగ్నల్ బాగాలేని చోట 8, 9 సెకన్లు.

ఒంగోలు గిత్త · మంగళవారం రాత్రి 10:20

62కు సెకనున్నర చొప్పున 93 సెకన్లు. పర్లేదు అనిపిస్తుంది. రాత్రి 30 గుంటలు మొరాయించాయనుకో, వాటికే 270 సెకన్లు, మిగతావి కలిపితే 5 నిమిషాలు దాటిపోయింది. నువ్వు ఇంత సమయానికోసారి పిలిచే సెట్‌ఇంటర్వల్ వాడుతుంటే అది నీ అసింక్ ఫంక్షన్ పూర్తయిందా లేదా అని చూడదు, టైం కాగానే రెండో విడతను పైన పడేస్తుంది. రెండు విడతలు ఒకదాని మీద ఒకటి నడుస్తాయి.

అందుకని రెండూ కాకుండా మధ్య దారి. ఒకేసారి 6 మాత్రమే బయట ఉండాలి, ఒకటి అయిపోగానే ఏడోది పోవాలి. పీ లిమిట్ అనే చిన్న ప్యాకేజీ ఈ పనే చేస్తుంది. అది వద్దనుకుంటే ఒక క్యూ పెట్టి ఆరుగురు పనివాళ్లలా ఆరు అసింక్ ఫంక్షన్లు దాంట్లోంచి తీసుకుంటూ పోయేలా రాసుకో, పదిహేను లైన్లు కూడా కాదు. సెట్‌ఇంటర్వల్ తీసేసి, విడత పూర్తయ్యాక, ఎర్రర్ వచ్చినా రాకపోయినా నడిచే ఫైనల్లీలో, కాసేపాగి ఒక్కసారే పిలిచే సెట్‌టైమౌట్‌తో తర్వాతి విడతను మొదలుపెట్టు.

మైపాడు అలలు · గురువారం ఉదయం 7:05

ఇది అన్నిటికన్నా ఘోరం. ప్రాసెస్ బతికే ఉంది. ఎర్రర్ ఒక్కటి లేదు. రాత్రి 2:40 తర్వాత లాగ్‌లో ఒక్క లైను కూడా లేదు. నేను నిద్ర లేచి రీస్టార్ట్ చేశా. అదృష్టం కొద్దీ ఎవరికీ నష్టం కాలేదు, సైరన్ ఉంది కాబట్టి మామ లేచాడు.

మొలగొలుకులు · గురువారం ఉదయం 7:30

అంటే రొట్టె లాగా పెండింగ్‌లోనే ఉండిపోయిందా అన్నా?

ఒంగోలు గిత్త · గురువారం ఉదయం 7:48

శభాష్. అదే. రిజెక్ట్ అయ్యేదాన్ని పట్టుకోవచ్చు. ఎటూ తేలని ప్రామిస్‌కు క్యాచ్ లేదు, వార్నింగ్ లేదు, ఏమీ లేదు. అవెయిట్ అక్కడే నిలబడిపోతుంది. మైపాడూ, డేటాబేస్ దగ్గర పూల్ (పంచుకునే కనెక్షన్ల గుంపు) నుంచి కనెక్షన్ తీసుకుని ట్రాన్సాక్షన్ (అయితే అన్నీ, లేకపోతే ఏదీ కాని పని) నడుపుతున్నావా? తీసుకున్నదాన్ని వెనక్కి ఎక్కడ ఇస్తున్నావు?

మైపాడు అలలు · గురువారం ఉదయం 8:10

కమిట్ (మార్పులు ఖాయం చేయడం) అయిన తర్వాతి లైన్లో రిలీజ్. ఓహో. మధ్యలో ఎర్రర్ వస్తే ఆ లైను దాకా రాదు కదా.

ఒంగోలు గిత్త · గురువారం ఉదయం 8:26

రాదు. నోడ్ పోస్ట్‌గ్రెస్ పూల్‌లో ఏమీ చెప్పకపోతే 10 కనెక్షన్లే. పదిసార్లు ఎర్రర్ వచ్చిందంటే పదీ బయటే ఉండిపోయాయి. పదకొండోవాడు వచ్చి నాకు కనెక్షన్ కావాలన్నాడు, పూల్ సరే ఆగు అంది. ఎంతసేపు ఆగాలి? కనెక్షన్‌టైమౌట్‌మిల్లీస్ అనే సెట్టింగ్ మొదట సున్నా ఉంటుంది, సున్నా అంటే గడువే లేదని అర్థం. ఇక జన్మంతా ఆగుతాడు. దానికి 5000 మిల్లీసెకన్లు పెట్టు, కనీసం రిజెక్ట్ అయి అరుస్తుంది. రిలీజ్‌ను ఫైనల్లీలోకి మార్చు. ఎర్రర్ దారిలో రోల్‌బ్యాక్ (చేసిన మార్పులు వెనక్కి తీయడం) మర్చిపోకు.

బయటికి పోయే ప్రతి పిలుపుకూ ఇట్టాగే గడువుండాలి. ఏపీఐని పిలవడానికి ఫెచ్ వాడుతుంటే, గడువు కాగానే పిలుపు తెంపే అబార్ట్‌సిగ్నల్ డాట్ టైమౌట్‌కు 8000 మిల్లీసెకన్లు ఇచ్చి సిగ్నల్‌గా పంపు.

కావలి ప్యాసింజర్ · గురువారం ఉదయం 9:00

ఇన్ని తిప్పలు దేనికి? అన్‌హ్యాండిల్డ్ రిజెక్షన్ ఈవెంట్‌కు ఒక హ్యాండ్లర్ తగిలించి లాగ్ చేసి వదిలేస్తే ఎప్పటికీ పడదు. మా ఆఫీసులో అదే.

పొదలకూరు నిమ్మ · గురువారం ఉదయం 9:22

మీ ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో రొయ్యలు లేవులే అన్నా.

ఆ హ్యాండ్లర్ ఉండాలి, కాదనను. అందులో చేయాల్సింది ఏం జరిగిందో రాసి, మర్యాదగా ప్రాసెస్‌ను మూయడం. ఎక్కడ తెగిందో తెలియని రిజెక్షన్ వచ్చిందంటే ట్రాన్సాక్షన్ సగంలో ఉందో, కనెక్షన్ బయట ఉందో చెప్పలేం. అట్టా కుంటుతూ నడిచే ప్రాసెస్ కన్నా పడి లేచింది నయం. నిన్న రాత్రి జరిగింది అదే కదా, పడి ఉంటే పీఎం2 లేపి ఉండేది.

కావలి ప్యాసింజర్ · గురువారం ఉదయం 9:25

ఒప్పుకున్నా అక్కా. మా ఆఫీసుకు చెప్పకండి.

మైపాడు అలలు · ఆదివారం సాయంత్రం 5:40

మూడు రాత్రులు గడిచాయి. పడలేదు, ఆగలేదు. నిన్న 3:10కి కరెంటు పోయింది, 9 గుంటలకు మెసేజ్ పోవాలి, 8 ఒకేసారి పోయాయి, తొమ్మిదోది రిజెక్ట్ అయి రెండోసారికి పోయింది. లాగ్‌లో ఆ జాబితా చదువుతుంటే పరీక్ష ఫలితాలు చూసినట్టుంది.

పొద్దున పెద్దాయన దగ్గరికి పోయా. ఆగస్టు సంగతి మొత్తం చెప్పా, తప్పు నాదేనని, సిగ్నల్‌ది కాదని. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సిగ్నల్ లేదన్నావని ఫోన్ మార్చాను రా" అన్నాడు. కాఫీ ఇచ్చి పంపించారు. నష్టం గురించి ఒక్క మాట ఎత్తలేదు, దానికే ఎక్కువ బాధగా ఉంది.

ఇంకొక సమస్య ఉంది. మా మామ తిడుతున్నాడు, ఒకే గుంటకు ఒకే మెసేజ్ మూడుసార్లు వస్తోందట. "మూడు గుంటలనుకుని చీకట్లో గట్లెంట పరిగెత్తా" అంటున్నాడు. 8 సెకన్ల గడువు దాటితే రెండుసార్లు మళ్లీ ప్రయత్నించమని పెట్టాను.

పొదలకూరు నిమ్మ · ఆదివారం సాయంత్రం 6:15

గడువు దాటిందంటే నువ్వు ఎదురుచూడటం మానేశావని మాత్రమే. అవతల పని ఆగిపోయిందని కాదు. నువ్వు కనెక్షన్ తెంపేలోపే వాళ్ల సర్వర్‌కు మెసేజ్ అంది ఉంటుంది, జవాబు రావడమే ఆలస్యమై ఉంటుంది. ప్రామిస్ డాట్ రేస్‌తో (ఏది ముందు తేలితే దాన్నే తీసుకునేది) గడువు పెట్టేవాళ్లకైతే ఇంకా కష్టం, అక్కడ పిలుపు కూడా తెగదు, వెనకాల నడుస్తూనే ఉంటుంది.

ఎస్సెమ్మెస్ కంపెనీ ఏపీఐలో మనవైపు నుంచి రిఫరెన్స్ నంబర్ ఇచ్చే గడి ఏమన్నా ఉందేమో, దాన్ని చూసి రెండోదాన్ని వాళ్లు ఆపుతారేమో వాళ్ల డాక్యుమెంట్‌లో చూడు. ఉంటే గుంట నంబర్, విడత సమయం, ఫోన్ నంబర్ కలిపి ఒక రిఫరెన్స్ తయారుచేయి. మూడు ప్రయత్నాలకూ అదే పంపాలి, ప్రయత్నానికి ఒకటి కొత్తగా పుట్టించొద్దు. లేకపోతే కనెక్షన్ కుదరలేదని ఖచ్చితంగా తెలిసినప్పుడు మాత్రమే మళ్లీ పంపు, గడువు దాటినప్పుడు పంపకు.

విడవలూరు గుంట · ఆదివారం సాయంత్రం 6:40

రాకపోవడం కన్నా మూడుసార్లు రావడమే మేలమ్మా. తీసేస్తే పూర్తిగా తీసేయకండి.

పొదలకూరు నిమ్మ · ఆదివారం సాయంత్రం 6:44

ఆ మాట నిజమే అన్నా. మైపాడూ, రిఫరెన్స్ గడి లేకపోతే మళ్లీ పంపడమే ఉంచు. మెసేజ్‌లో మాత్రం గుంట నంబర్ మొదటి మాటగా పెట్టు, మామ ఒక గట్టుకే పరిగెడతాడు.

మైపాడు అలలు · ఆదివారం రాత్రి 9:18

గడి ఉందక్కా, ఒకే రిఫరెన్స్ రెండోసారి వస్తే పంపరని కూడా రాసుంది. మార్చి పెట్టా, గుంట నంబర్ కూడా ముందుకు తెచ్చా. ఈ రాత్రికి మామ ఫోన్ నా దగ్గరే పెట్టుకుని పడుకుంటున్నా.